పగడాల కొంగు

అమ్మ పోయిన ఏడాదికి గానీ ఆమె ఇనప పెట్టె తెరిచే ధైర్యం మాకు రాలేదు. తెరిచినాక తెలిసింది, అంత ధైర్యం కావలసిన వస్తువులు అందులో ఏమీ లేవని. రెండు పాత చీరలు, రేషన్ కార్డు, మందుల చీటీలు, అన్నిటికీ అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన ఒక పెద్ద రంగుల ఫోటో. ఫోటో నిండా తెల్లగా, ముడతలు ముడతలుగా ఏదో ఉంది. మా చెల్లెలు కాలీఫ్లవర్ అనింది. వాళ్లాయన మటన్ కొట్టు బాగా ఎరిగిన మనిషి, పొట్టేలు మెదడని ఖాయం చేసినాడు. పక్కింటామె తొంగి చూసి, మీయమ్మకు గడ్డేమన్నా కోసి తీసినారా అని మెల్లగా నన్ను అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకనే ఏడుపూ వచ్చింది. అది పగడం. సముద్రం అడుగున చచ్చి తెల్లబడిన పగడం. అమ్మ దాన్ని ముచ్చటపడి దాచుకోలేదు. ఇంట్లో పెట్టుకునేదానికి భయం, బయట పారేసేదానికి అంతకంటే భయం, అందుకని పెట్టె అడుగున పెట్టింది. సముద్రమనేదే ఎరగని సోమందేపల్లెలో ఆ పగడం కోసం మా నాయన రెండు నెలలు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నాడని చెప్తే మా చెల్లెలే నమ్మలేదు. అప్పటికి అది చిన్నది.

మా ఇల్లంటే ఇల్లు కాదు, మగ్గాల మీద కప్పిన రేకు. ముందు గది నిండా రెండు మగ్గాలు, వెనక వంటిల్లు, మిగిలిన సందుల్లో మేము. బెంగుళూరు రోడ్డు మీద లారీలు పోతా ఉంటే గోడలు అదిరేవి గానీ మగ్గం చప్పుడులో ఆ చప్పుడు మాకు వినిపించేది కాదు. పొద్దున లేస్తూనే అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లేది. చల్లేదంటే, నీళ్ల ట్యాంకరు వచ్చిన మరుసటి దినం మాత్రమే. మిగతా దినాలు చెంబులో వేళ్లు ముంచి నాలుగు దిక్కులా విదిలించి, చల్లినట్టే లెక్క వేసుకోమని దేవునికి నచ్చజెప్పేది. నాయన మగ్గానికి దండం పెట్టుకొని గుంతలోకి కాళ్లు దించినాడంటే మధ్యాహ్నం సంగటి ముద్ద, ఊరిబిండి ముందుకొచ్చేదాకా ఎత్తేవాడు కాదు. ఆయనకు చాదస్తాలు మెండు. పెళ్లి చీర మగ్గం మీద ఉన్నన్నాళ్లూ ఇంట్లో చావు మాట ఎత్తకూడదు. తెగిన పోగును తెగిందనకూడదు, అతకాల అనాల. వీధిలో శవం పోతా ఉంటే పేక పోగు తోసే నాడె చేతిలో పట్టుకొని, తప్పెట్ల చప్పుడు దూరమయ్యేదాకా ఊరికే కూర్చునేవాడు. ఇక మగ్గం మీంచి కోసి దించిన ప్రతి చీరకూ అమ్మ పసుపు పెట్టాల. తడిపిన పసుపులో ఉంగరపు వేలు ముంచి, కొంగు మడతలో, కొనేవాళ్లకు కనపడని మూలన ఒకే ఒక్క చుక్క. ఎవరి ఒంటి మీదికి పోతుందో తెలియని చీర, పసుపు లేకుండా మా గడప దాటింది లేదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. రేషం, అంటే పట్టుదారం, ఉడకబెట్టిన సబ్బునీళ్ల వాసన, మగ్గానికి పోసిన నూనె వాసన, వీధి చివర రంగులు అద్దే ఇంటి నుంచి వచ్చే ఆసిడ్ ఘాటు. ఆ ఇంటి ముందు కాలువలో ఒక దినం ఎర్రనీళ్లు, ఒక దినం ఆకుపచ్చ నీళ్లు పారేవి. కాలువను చూసి ఈ పొద్దు ఊర్లో ఏ రంగు చీరలు నేస్తాండారో చెప్పేవాళ్లం. మేమెప్పుడూ దాన్ని మురికి అనుకోలేదు. మా ఊర్లో పారే నీళ్లంటూ కంటికి కనపడేది అదొక్కటే.

అయితే ఆ కాలానికే మరమగ్గాలు వచ్చేసినాయి. నాయన నెల పట్టి నేసిన డిజైను, వారం తిరక్కముందే యాడనో కరెంటు మగ్గం మీద పదుల కొద్దీ దిగేది. పని ఇచ్చే సావుకార్లు ఒక్కొక్కరే మొహం చాటేసినారు. మా రెండు మగ్గాల్లో ఒకటి పండుకుంది, దాని మీద అమ్మ చీరలు ఆరేసేది. బెంగుళూరులో ఉండే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వచ్చినప్పుడల్లా ఒకటే పాట. బావా, అపార్టుమెంటు గేటు కాడ కుర్చీ ఏస్తారు, యూనిఫారం ఇస్తారు, కూర్చుంటే చాలు, కాళ్లు గుంతలో పెట్టే పని లేదు అని. నాయన వినేవాడు. మామ బస్సెక్కినాక రెండో మగ్గం మీది బట్టలన్నీ తీసి అవతల పడేసేవాడు. ఇంకొక్క వేసవి ఇట్లే గడిస్తే మగ్గాలు పీకి అమ్ముకోక తప్పదని మా ముగ్గురికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనేవాళ్లం కాదు.

అట్లాంటప్పుడు ఒక దినం తెల్ల కారొకటి మా సందులో దూరబోయి, దూరలేక, మొదట్లోనే నిలిచిపోయింది. దిగినామె బెంగుళూరు మేడమ్. పేరు చెప్పింది గానీ ఎవరమూ పలకలేదు, ఆ పొద్దు నుంచి ఆమె మాకు మేడమే. నూలు చీర, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో సీలు తీయని నీళ్ల సీసా. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడేది. ఆ మూడింట్లో మాకు ఒకటిన్నర వచ్చు గనక ఇబ్బంది లేకపోయింది. సముద్రాల్లో పగడపు దిబ్బలు చచ్చిపోతాండాయట. వాటిని కాపాడేదానికి దేశదేశాల పెద్దలు బెంగుళూరులో ఒక పెద్ద హోటల్లో సభ పెట్టుకుంటాండారట. ఆ సభలో మేడమ్ కట్టుకునేదానికి పగడాల చీర కావాల. బెంగుళూరుకు సముద్రం యాడుండాదని నాయన మామూలుగానే అడిగినాడు. సముద్రం లేదు గానీ చల్లగా ఉంటుంది, మంచి హోటళ్లున్నాయి అని ఆమె కూడా మామూలుగానే చెప్పింది.

చాప మీద మూడు ఫోటోలు పరిచింది. మొదటి దాంట్లో పగడపు దిబ్బ లక్ష రంగులతో ఉంది. రెండో దాంట్లో పాలిపోతా ఉంది. మూడో దాంట్లో తెల్లగా, ఇప్పుడు పెట్టెలో దొరికిందే అది. నాయన సముద్రం చూసినవాడు కాదు. పెన్న వచ్చిందని ఎవరో చెప్తే ఒకసారి బస్సెక్కి పామిడి దాకా పోయి, ఏట్లో నీళ్లు చూసి, ఆ సంగతి వారం దినాలు చెప్పినవాడు. అట్లాంటి మనిషి ఆ మొదటి ఫోటోను చేతిలోకి తీసుకొని వదల్లేదు. ఈ రంగు పక్కన ఈ రంగు పెట్టేదానికి ఎవరికి ధైర్యమొచ్చిందప్పా అని గొణుక్కున్నాడు. మేడమ్ చెప్పుకుంటూ పోయింది. అది రాయి కాదు, చెట్టూ కాదు, ప్రాణి. ఆవగింజంత పురుగులు కోట్ల కొద్దీ కలిసి, తమ ఒంట్లోంచి వచ్చే సున్నంతో ఇల్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి ఆనని నాచొకటి కాపురముంటుంది, వాటికి రంగూ అదే, కూడూ అదే. సముద్రం నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి అట్లే నిలిచిపోతే నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లబడుతుంది. తొందరగా చల్లబడితే నాచు మళ్లీ వచ్చి బతకొచ్చు, లేకుంటే తిండి లేక చస్తుంది.

మా నాయనకు అర్థమైనంత బాగా ఆ హోటల్లో సభకు పోయినవాళ్లకు కూడా అర్థమై ఉండదని నా నమ్మకం.

"ఒంట్లోంచి తీసి ఇల్లు కట్టుకునేదంటే మన పట్టుపురుగు మాదిరేనమ్మా. పాపం, దాన్నైతే మేమే ఉడకబెడతాం" అన్నాడు. ఆ తర్వాత పైన రేకుల్ని ఒకసారి చూసి, ఒకటి రెండు డిగ్రీలకేనా అని అడిగినాడు. వంటింటి గడపలో నిలబడిన అమ్మ, ఎంత సుకుమారంగా పెరిగినాయో అనింది. మేడమ్ అదేమీ పట్టించుకోకుండా మిగతా గండాలు కూడా చెప్పింది. చేపల కోసం మందుగుండు పేల్చేవాళ్లు, పడవ లంగర్లతో గీరేసేవాళ్లు, పగడాన్ని తవ్వి సున్నం కాల్చేవాళ్లు, నేల మీంచి ఎరువుల నీళ్లూ రంగుల నీళ్లూ సముద్రంలోకి వదిలేవాళ్లు. ఆ చివరి మాట కాడ ఆమె కళ్లు మా కాలువ మీదికి పోయినాయి. ఆ పొద్దు కాలువ ఎర్రగా పారతా ఉంది. నాయన చానా మర్యాదగా, మా కాలువ నీళ్లు సముద్రం చేరాలంటే ముందు వంక పారాల, వంక పారాలంటే వాన రావాల, వాన వస్తే మేమే మీకు జాబు రాస్తాం మేడమ్ అని చెప్పినాడు. అది ఎగతాళో నిజమో నాకే తెలియలేదు, ఆమెకేం తెలుస్తుంది.

ఇంతలో ఆమె చూపు అమ్మ మెడ మీద పడింది. అమ్మ తాళికి అటొకటి ఇటొకటి రెండు పగడాలు. మా జేజి ఇచ్చినవి, అసలు సముద్రం పగడాలని, ఊర్లో ఇంకెవరి మెడలోనూ లేవని అమ్మ నా చిన్నప్పటి నుంచి వీధి వీధంతా చెప్పుకునేది. మేడమ్ దిగులుగా దగ్గరికొచ్చి, ఒక ప్రాణి ఇల్లు కూల్చి మెడలో వేసుకున్నారు కదమ్మా, ఇకనైనా తీసేస్తానని మాటివ్వండి అని చెయ్యి చాచింది. ఆ ఎర్ర పగడం వేరే, దిబ్బలు కట్టే పగడం వేరే అని నేను ఎన్నో ఏండ్ల తర్వాత చదువుకున్నాను. మేడమ్‌కు కూడా అప్పటికి ఆ తేడా తెలిసినట్టు లేదు. తాళి మీద చెయ్యి వేస్తే ఊరుకునే మనిషి కాదు మా అమ్మ. కానీ వచ్చిన పని చెయ్యిజారుతుందేమోనని నాయన మొహం చూసింది. పైట గట్టిగా కప్పుకొని, ఇవి అసలువి కావు మేడమ్, హిందూపురం తిరునాళ్లలో కొన్న గాజుపూసలు అనింది. అమ్మ ఆ మాట అనింది జన్మలో అదొక్కసారే. మేడమ్ సంతోషపడి, అదే మంచిదమ్మా, అందరూ మీ మాదిరి ఉంటే ఎంత బాగుండును అని మెచ్చుకుంది. ఆమె కారెక్కిన తర్వాత అమ్మ తాళిని కళ్లకద్దుకొని లెంపలు వేసుకుంది.

పని ఇదీ: చీర ఒళ్లంతా సముద్రం నీలం. అంచుల్లో రంగు రంగుల పగడాలు. అవి పోను పోను పాలిపోయి, కొంగు దాకా వచ్చేసరికి పూర్తిగా తెల్లగా, చచ్చిపోవాల. కొంగులో ఇంకో రంగు పోగు ఒక్కటి కూడా ఉండకూడదు. చూసేవాళ్ల గుండె కలుక్కుమనాల అని మేడమ్ చెప్పింది. ఈ చీర గట్టెక్కితే వాళ్ల సంస్థ ఏడాది పొడుగునా పని మా మగ్గాలకే ఇస్తుంది, పండుకున్న రెండో మగ్గం కూడా లేస్తుంది. నాయన తల ఊపినాడు. నేను ఇంటర్ చదివి ఇంట్లో కూర్చున్నదాన్ని, గ్రాఫు కాగితం మీద డిజైను గీసే పని నాది. మేడమ్ మా కాడ వదిలిపోయిన పగడం ఫోటోలను గడి గడిగా లెక్కపెట్టి కాగితం మీదికి దించి, దాని ప్రకారం జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టించినాను. ఆ అట్టల్ని ఏ మగ్గానికి తగిలిస్తే ఆ మగ్గం మీద అదే బొమ్మ దిగుతుంది. ఆ నెలలో నాకు కలల్లో కూడా గడులే.

గొడవ తెల్ల కొంగు కాడ వచ్చింది. నీలం పడుగు అయిపోయే చోట తెల్ల పడుగు అతకాల. వేల పోగులు, ఒక్కొక్క నీలం పోగుకూ ఒక్కొక్క తెల్ల పోగు, వేళ్లకు బూడిద అద్దుకొని మెలిపెట్టి అతకడం మా ఇంట్లో అమ్మ పని. అమ్మ తెల్ల రేషం లడి చూసి కూర్చోలేదు. తెల్ల కొంగు ఈ మగ్గం మింద ఎప్పుడూ ఎక్కలేదు అనింది. నాయన, అది కొంగు కాదు, బొమ్మ అన్నాడు.

"బొమ్మయినా కప్పుకునేది ఆడమనిషే గదా. ఆయమ్మకు మొగుడు లేడా? నేసేవి నీ చేతులు, అతికేవి నా చేతులు. రేపు ఎవురికేమైనా ఎవురు జవాబు చెప్తారు?"

నాయన లడి అందుకొని మగ్గం మీద పెట్టినాడు. తర్వాత, గేటు కాడ కుర్చీలో కూర్చోమంటావా మరి అన్నాడు. అమ్మ బూడిద చిప్ప తెచ్చుకొని కూర్చుంది. నాలుగు దినాలు అతికింది. ఆ నాలుగు దినాలూ ఆమె నోట్లో ఏదో నడుస్తానే ఉండింది, మంత్రమో తిట్టో నేను అడగలేదు. కొంగు నేయడం మొదలైనాక మాత్రం ముందు గదిలోకి రావడం మానేసింది. అన్నం గిన్నె కూడా గడప కాడ పెట్టి పిలిచేది.

ఆ ఎండలు ఎట్లాంటివంటే, రేకుల కింద రేషం పోగు ఎండి పుటుక్కున తెగేది. పడుగు మీద తడిగుడ్డ కప్పాల. ట్యాంకరు రాని దినాల్లో మాకు తాగేదానికి పెట్టుకున్న నీళ్లలోనే గుడ్డ ముంచేవాళ్లం. సముద్రంలో పురుగులకు నీళ్లు వేడెక్కినాయని బొమ్మ నేసేదానికి మేము దప్పికతో ఉండినాము. నాయన మాత్రం సంతోషంగా ఉన్నాడు. నేసే కొద్దీ ఆయనకు పగడం మీద మమకారం పుట్టింది. రంగులు పాలిపోయే చోట చెయ్యి ఆడక, ఒక దినమంతా ఊరికే కూర్చున్నాడు. మరుసటి దినం, చంపేదానికి కూడా పనితనం కావాల పాపా అని నాతో చెప్పి మొదలుపెట్టినాడు. అంత బాగా ఆయన జీవితంలో ఇంకే చీరా నేయలేదు. ఆ తెల్ల కొంగు చూస్తే పట్టు అనిపించేది కాదు, ఎముక అనిపించేది.

చీర కోసి దించిన పొద్దు మేడమ్ వస్తానని కబురు. నాయన గడ్డం గీయించుకొని వస్తానని పోయినాడు. వచ్చేటప్పటికి చీర మడతపెట్టి, పాత ధోవతిలో చుట్టి, సిద్ధంగా ఉంది. మేడమ్ వచ్చింది, చాప మీద కూర్చుంది. నాయన మూట విప్పి చీర పరుస్తా వచ్చినాడు. నీలం చూసి ఆమె అబ్బా అనింది. అంచు పగడాల మీద వేలు పెట్టి తడిమింది. ఆఖరి మడత విప్పేసరికి, తెల్ల పగడం మీద పైనుంచి కిందికి నాలుగు పసుపు వేళ్లు. చుక్క కాదు. అరచెయ్యి ముంచి, తుడిచినట్టు లాగిన చెయ్యి. పట్టు మీద పసుపు పడితే ఏ చాకలికీ లొంగదని మా ఇంట్లో పసిబిడ్డకు కూడా తెలుసు. అమ్మ వంటింటి గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె కుడిచెయ్యి పైట కింద ఉంది.

"నా చెయ్యేనమ్మా. మడత పెట్టేటప్పుడు చూసుకోలేదు" అన్నాడు నాయన.

మేడమ్ ఆయన చేతులు చూసింది. ముప్పై ఏండ్లుగా అన్ని రంగులూ పట్టిన చేతులు అవి, పసుపు లేదని ఎవరు చెప్పగలరు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఇది చనిపోయి ఉండాల, ఇది చనిపోయినట్టే ఉండాల అని రెండుసార్లు అనింది. సభ నాలుగు దినాల్లో ఉంది, ఇంకో చీర లేదు. చీర మడిచి తీసుకొని, ముందు ఇస్తానన్న పని ఊసెత్తకుండా పోయింది. నాయన అమ్మను ఒక్క మాట అనలేదు. గుంతలోకి దిగి, పడుగు లేని మగ్గం మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. అమ్మ వచ్చి గడప మీద కూర్చొని, చుక్క పెడదామనే పోయినా, అంత తెలుపు చూసి చెయ్యి ఆగలేదు అని చెప్పింది. తప్పైందని మాత్రం అనలేదు. నేను ఆ పొద్దు అమ్మ మీద పెంచుకున్న కోపం చానా ఏండ్లు దాచుకున్నాను.

మామకు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి, ఆ కుర్చీ సంగతి అడిగినాము. రెండు వారాలకు మేడమ్ కాడి నుంచి జాబు వచ్చింది, పేపరు ముక్కతో సహా. ఆ జాబు నేను మూడుసార్లు చదివి వినిపించినాను, నాయన మూడుసార్లూ అదే మొహంతో విన్నాడు. సభలో అందరి కళ్లూ చీర మీదేనట. పైదేశం నుంచి వచ్చిన ఒక పగడాల పండితుడు కొంగు ముందు నిలబడి కండ్లు తుడుచుకున్నాడట. తెల్లబడిన పగడంలోకి బంగారు రంగు నాచు తిరిగి వచ్చే ఘడియను ఇంత సున్నితంగా, మనిషి చాచిన చెయ్యి రూపంలో చూపించిన కళను తానెక్కడా చూడలేదని ప్రసంగం చేసినాడట. మనం చెయ్యి అందిస్తే పగడం బతుకుతుంది అనే మాటను సభ తీర్మానంగా రాసుకున్నారట. ఈ ఆలోచన ఎవరిదని అడిగితే, మేడమ్ చిన్నగా నవ్వి ఊరుకుందట. తర్వాత సముద్రపు చేపలతో గొప్ప విందు జరిగిందని పేపర్లోనే ఉంది. పసుపు ప్రస్తావన ఎక్కడా లేదు, మా ఊరి పేరు కూడా లేదు.

జాబు చివర అసలు సంగతి. అందరూ ఆ చీరే అడుగుతున్నారు, పని చాలా ఉంది. అయితే పసుపు వాసన రాకూడదు, చెయ్యి గుర్తు నేతలోనే రావాల, ఉన్నదున్నట్టు, వేలు వేలుకూ తేడా లేకుండా. అందుకు గ్రాఫు గీసి, అట్టలతో సహా పంపించమని. రెండో మగ్గం లేచినట్టే అనుకున్నాము. నాయన దాని మీది దుమ్ము దులిపినాడు. నేను అమ్మను కూర్చోబెట్టి, చెయ్యి పసుపులో ముంచి, గ్రాఫు కాగితం మీద అదే తీరున లాగమన్నాను. చూపుడు వేలు మధ్యలో కొంచెం సన్నగా పడింది, అక్కడ కత్తిపీట కోసిన పాత మచ్చ. ఆ మచ్చను కూడా గడులు లెక్కపెట్టి దించినాను. నా చేతి పనిలో దానంత నిఖార్సయింది ఇంకోటి లేదు. పార్సిలు కట్టి బస్సుకు ఇచ్చి వచ్చినాను. దాంతో ఇంక మా మగ్గంతో ఎవరికీ పని లేకపోయింది. నెల తర్వాత మేడమ్ జాబు రాసింది. ఇన్ని చీరలు చేతిమగ్గం మీద అయ్యే పని కాదు గనక మరమగ్గాల వాళ్లకు అప్పజెప్పామని, పగడాల రక్షణలో మా కుటుంబం పాత్ర మరువలేనిదని. జతగా ఒక ప్రశంసా పత్రం, మూలన పగడం బొమ్మతో. తప్పు ఆమెదని చానా రోజులు అనుకున్నాను. అట్టలు పంపింది నేనే. మా నాయన మగ్గం నా చేతులతోనే మడిచి బస్సెక్కించినాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ వీధికి పోతే చెవులు నొప్పి పుట్టేంత నిశ్శబ్దం. రంగుల కాలువ ఎండిపోయింది గనక మా ఊరు సముద్రానికి చేసే అపకారం పూర్తిగా ఆగిపోయింది, ఆ మేరకు సభలు సఫలమైనట్టే. పగడాలు మాత్రం ఇంకా తెల్లబడుతూనే ఉన్నాయని పేపర్లో చదువుతా ఉంటాను. సిమెంటు చట్రాలకు పగడం ముక్కలు కట్టి సముద్రంలో నాటుతున్నారట, ఓపికగా, ఒక్కొక్కటే, నీళ్లలో మునిగి. అది చదివినప్పుడు నాకు ఎగతాళి రాదు. ఒక్కొక్క పోగూ అతికే పనిలో ఎంత నడుము నొప్పి ఉంటుందో నాకు తెలుసు. వాళ్ల మీద నాకు కోపం లేదు, హోటల్లో విందు తిన్నవాళ్ల మీద ఉంది, నా మీద ఉంది.

నాయన ఆ ఏడాదే బెంగుళూరు పోయినాడు. మామ చెప్పినట్టే కుర్చీ వేసినారు, నీలం యూనిఫారం ఇచ్చినారు. ఆదివారం పొద్దున బూతుకు ఫోను చేసేవాడు, నేను పోయి మాట్లాడేదాన్ని. అమ్మకు ఫోనంటే బెదురు, బయట మెట్ల మీద కూర్చొని వినేది. ఏం తిన్నావు, ట్యాంకరు వచ్చిందా, అంతే మాటలు. ఒక ఆదివారం ఆయన ట్యాంకరు సంగతి అడగలేదు. నేను నాయనా అనంగానే చెప్పినాడు.

"నిన్న సాయంత్రం గేటు తీసినా పాపా. పెండ్లికి పోయేవాళ్ల కారు. కిటికీలోనుంచి ఒగామె కొంగు బయటికొచ్చి ఎగురుతాండాది. మీయమ్మ చెయ్యి. మచ్చ కూడా ఉండాది. కారు పొయినంత దూరం చూస్తా నిలబడినా."

ఆయన ఊరు విడిచి అప్పటికి ఏడు నెలలు. నేను ఫోను చేత్తో మూసి, ఆ మాట అమ్మకు చెప్పినాను. అమ్మ లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఆయమ్మ మొగుడు బాగుండాడంటనా, అడుగు అనింది. నేను అడిగినాను. అవతల నాయన గొంతు సవరించుకున్నాడు.

"ఉండాడని చెప్పు. పక్కనే కూర్చోనుండాడు."